పసుపు బురుజు

కొండెక్కేసరికి కూర్చునే చోటు లేదు.
గోడ పొడుగునా కాళ్లు వేలాడేసుకుని
సరయేవో సగం ఇక్కడే ఉంది.
ఒళ్లో చంటిపిల్లలు, కాగితంలో వేడి రొట్టెలు,
నల్లజీలకర్ర వాసన.
ఎవరూ తుంచడం లేదు.

ఉపవాసాల నెల.
సూర్యుణ్ణి ఇంతమంది కూడి సాగనంపడం
నేనెక్కడా చూడలేదు.
ఆయనేమో
గుమ్మంలో చెప్పులు వెతుక్కునే చుట్టంలా
ఆ చివరి కొండ మీద ఇంకా తచ్చాడుతున్నాడు.

నేను ఫొటో కోసం వచ్చినదాన్ని.
ఒకసారి టోపీ అడ్డు, ఒకసారి కరెంటు తీగ,
ఒకసారి ఎవరో ప్రేమికుడి మోచెయ్యి.
"కాస్త జరుగుతారా" అన్నాను పక్కనున్న పెద్దాయనతో,
ముందు ఇంగ్లీషులో, తర్వాత గట్టిగా.
ఆయన చెవి తాకి చూపించి
గాలిలో అరచెయ్యి తిప్పాడు.
లేదు, అని.

"మా నాన్న నియాజ్‌కి వినపడదు
తొంభైమూడు నుంచీ."
పొట్లం దారం విప్పుతూ చెప్పింది జుమ్రెత,
వీధి పేరు చెప్పినంత మామూలుగా.
వస్తూ దారిలో చూసిన తెల్లరాళ్లు గుర్తొచ్చాయి.
పుట్టిన ఏళ్లు వేరువేరు,
రెండో అంకె మాత్రం
రాయి తర్వాత రాయి, దాదాపు ఒకటే.

ఫిరంగి దగ్గరి మనిషి వాచీ చూసుకున్నాడు.
పిల్లలు చెవులు మూసుకుని, నవ్వులు తెరుచుకున్నారు.
నియాజ్ గోడ మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.

పేలింది.

నా ఫోన్ ఉలిక్కిపడింది.
అందులో ఇప్పటికీ ఉన్నది
కాస్త ఆకాశం, ఎవరిదో చున్నీ అంచు.
పావురాలు లేచాయి.
కింద మినార్ల మీద దీపాలు
ఒకటి, ఆగి రెండు, తర్వాత లెక్క తప్పాను.

ఆయనకి రాయి చెప్పేసింది.
ఎడమచేత్తో రొట్టె తుంచి
మొదటి ముక్క నాకే ఇచ్చాడు,
మూడింటికి కడుపునిండా మాంసం తిని వచ్చిన నాకు.
వద్దనడానికి ఏ భాషా దొరకలేదు.
నమిలాను.

కొండంతా ఒకటే నమలడం, నీళ్ల సీసాల మూతలు,
ఎవరింటి చారు బాగుందో వాదన.
జుమ్రెత ఖర్జూరం గింజ తీసి
తండ్రి కుడిచేతి కోసం చూసింది.

ఒక్కటే మోగింది. రోజూ ఒక్కటే మోగుతుంది.
ఆ చెయ్యి మాత్రం
ఇంకాసేపు గోడ మీదే ఉంది.