నీళ్ల వరస

మా ఆయన దెక్సియాస్‌కి అక్షరాలు రావు.
నాకూ రావు.
అయినా కడవ మీద గీసిన ప్రతి ఆడమనిషి నోటి ముందూ
చీమల బారులా నాలుగు అక్షరాలు పెడతాడు.
"మాట్లాడుకుంటున్నారన్నమాట" అంటాడు
కుంచె కొసని పెదాలతో తడిచేస్తూ.

ఏథెన్స్‌లో మాది కుమ్మరివాడ.
గోడకి అవతల సమాధులు, ఇవతల బట్టీలు,
పొగ ఎటు పోవాలన్నది గాలి ఇష్టం.

ఇన్నేళ్లూ సింహాన్ని చంపే వీరుణ్ణే గీశాడు,
కొనేవాళ్లు అదే అడిగారు గనక.
ఈసారి మమ్మల్ని గీశాడు.
తెల్లారకముందు
రాతి సింహాల నోళ్లలోంచి నీళ్లు పడే చోట
ఐదుగురం.
ఈ సింహాల్ని ఎవరూ చంపరు.

ఖాళీ కడవ తల మీద అడ్డంగా పడుకుంటుంది,
నిండాక నిలబడుతుంది.
అది బాగానే పట్టాడు.
నా చుట్టకుదురు గీయడం మరిచిపోయాడు.
నికెసో ముక్కు అచ్చం నికెసో ముక్కే.
థ్రేస్ నుంచి ఎవరో కొనుక్కొచ్చిన పిల్ల ఉందే,
దాని మోచేతి పచ్చబొట్టు గీతలు కూడా వదల్లేదు.

నలుపు మనుషులకి పూయడు,
మనుషుల చుట్టూ పూస్తాడు.
మేము ఉత్త మట్టిగా మిగిలిపోతాం.
ఆయన చాకిరీ అంతా చీకటికే.

రేవు నుంచి వచ్చిన షావుకారుకి చదువొచ్చు.
కడవ తిప్పి తిప్పి చూసి పకపకా నవ్వాడు:
"ఇవి మాటలు కావయ్యా! నోరు తిరగదు."
దెక్సియాస్ చెవులు కాలిన పెంకులయ్యాయి.

నేను చదివి చెప్పనా, షావుకారూ?
నికెసో అంటోంది, నిన్న నా వంతు దాటింది ఎవత్తె?
వెనకామె అడుగుతోంది, పిల్లాడి జ్వరం దిగిందా?
మూడో ఆవిడ నోట్లో ఆవగింజ నానదు,
అందుకే ఆమెకి అక్షరాలు చెయ్యి దాకా పాకాయి.
నా ముందున్నది ఒట్టి ఆవలింత.
ఆ పిల్లవేమిటో నాకూ తెలియవు.
కడవ నిండేలోగా దానిలో అదే
వాళ్ల భాషలో ఏదో గొణుక్కుంటుంది,
అవే అయ్యుండాలి.

సగం ధరకి కొన్నాడు.
గడ్డి చుట్టి ఓడెక్కించారు.
పడమటి దేశంలో చచ్చినవాళ్ల పక్కన పెడతారట,
ఒక్కసారీ నీళ్లు మోయకుండానే.

మర్నాడు వరసలో
ఆ పిల్లని అడిగాను, నీ అసలు పేరేమిటని.
చెప్పింది.
రెండుసార్లు చెప్పించుకున్నాను.
నోరు తిరగలేదు.