పసుపుది, నల్లది

అజ్మాన్ సనయ్యాల, మలబారి యూసఫ్ దుకాణంల
గోడకు ఆనిచ్చిన రెండు మిషన్లు.
పేర్లు నాకు నోరు తిరగవు.
పసుపుది అమెరికాది, తొమ్మిదివందల దిర్హాలు.
నల్లది ఆస్ట్రేలియాది, పద్నాలుగువందలు.
మూలకు టర్కీది ఒకటుంది గని
దాని పెట్టె ఆయన విప్పలేదు, నేనూ అడుగలేదు.

నాలుగు శుక్రారాలు తిరిగిన.
పోయినప్పుడల్లా యూసఫ్ ప్లాస్టిక్ తొట్టిల ఇసుక పోసి
ఇరువై ఐదు ఫిల్సుల బిల్ల పూడ్చి
"సునో భాయ్" అంటడు.
పసుపుది టింగుమంటది, సైకిలు గంట లెక్క.
నల్లదాని గొంతు సన్నం, ముక్కుల మాట్లాడినట్టు,
గని అంకె చూపెడ్తది: గిది ఫలానా, గింత లోతు.

తర్వాత ఇసుకల ఉప్పునీళ్ళు పోస్తడు.
పసుపుది ఒక్కపాలి ఆగమైతది,
లేని బిల్లలకు మొత్తుకుంటది,
పెండ్లిల తాగిన మేనమామ లెక్క.
నల్లది సల్లగ కూసుంటది.
"సముద్రం కాడికి పోయెటోనికి గిదే."
ఐదువందల తేడా ఉప్పుదన్నమాట.

రూముల లింబాద్రి సిమెంటు సంచి కాయితం మీద లెక్క తీసిండు:
"పసుపుదానికి మూడువేల ఆరువందల పావలాలు దొర్కాలె.
నల్లదానికి ఐదువేల ఆరువందలు.
అప్పుడు నీ పెట్టుబడి నీకొస్తది.
అప్పటిదాంక నీ వీసా ఎన్నిసార్లు కొట్టాలెనో
జెర యాది చేస్కో."

లాభమని ఎవ్వడన్నడు?
పదకొండేండ్లు స్టీల్ ఫిక్సరు పని.
వంగి వంగి బైండింగ్ వైరు తిప్పిన.
నేను కట్టిన ముడులన్ని కాంక్రీటు కింద పూడ్చిండ్రు,
అండ్ల ఒక్కటి గూడ ఇంక ఎవ్వని కంట పడది.
పూడిపోయినదాన్ని ఒక్కసారన్న
బయటికి తీసుడు ఎట్లుంటదో చూద్దామని, గంతే.

నాలుగో శుక్రారం రెండింటి తెరల మీద ఒకటే బొమ్మ చూసిన:
మొల. దాని మీద అడ్డగీత.
"ఇనుమొస్తె పలుకది" అన్నడు యూసఫ్ మెచ్చుకుంట,
"కచ్రా గదా."
నేనేమనలేదు.
కీసల్నుంచి కొత్త దిర్హం బిల్ల తీసి
ఆయన కౌంటరు మీది అయస్కాంతం దగ్గర పెట్టిన.
ఎగిరి అంటుకున్నది.
కాఫీ కూజా బొమ్మ తలకిందులుగ వేలాడింది.
పైసలల్ల గూడ నా ఇనుమే.
యూసఫ్ చానసేపు దాన్నే చూసిండు,
నవ్విండు, యాభై తగ్గించిండు.

పసుపుది కొన్న.
పైసలు సాలక కొన్న, అండ్ల గొప్పలేంది?
మొల మీది గీత మాత్రం తీసేయించిన.

కార్నీష్ మీద పొద్దుమీకినంక, పొడి ఇసుకల,
పిల్లల ఊయెల కింద మొదలువెట్టిన.
పెప్సి మూత. పెప్సి మూత.
సిగరెట్ డబ్బల వెండి కాయితం.
మసిబట్టిన కబాబు పుల్ల.
రెండంగుళాల మొల, అది గూడ కీసలేసుకున్న.
ఎనిమిదింటికి ఇరువై ఐదు ఫిల్సులు:
నల్లవడ్డది, లేడికి ఒక కాలు అరిగింది.
బొటనవేలుతోని రుద్దుతుంటె
బిడ్డనెత్తుకున్న ఓ ఫిలిప్పీన్ ఆమె ఆగి
బంగారమా అని అడిగింది.
కాదన్న.
మరి గా నవ్వేందన్నట్టు చూసుకుంట పోయింది.

రాత్రి లింబాద్రి మంచం పక్క గోడమీద
పెన్సిలుతోని రాసిండు:
ఇంక మూడువేల మూడువందల తొంభై తొమ్మిది.
వచ్చే శుక్రారం నేను గూడ వస్త, అన్నడు అటు తిరిగి పండుకొని.

ఇప్పుడు ఇద్దరం పోతం.
పొడి ఇసుక అయిపోయినంక
అల తగిలే కాడికి దిగుతం.
పసుపుది మొదలువెడ్తది మళ్ళ,
అడుగడుగుకు ఒక లంకెబిందె ఉన్నట్టు.
ఉప్పుకు వాగుతున్నదని ఇద్దరికీ ఎరుకే.
అయినా ఆగుతం.
లింబాద్రి చిన్న పార పట్టుకొని
నా మొఖం దిక్కు చూస్తడు.