ఐదు గూళ్ళు, ఒక దగ్గు

రేపు నువ్వొస్తావు.
నీ పేరింకా నోరు తిరగలేదు, పట్టీలో ఎనిమిదోది.
బూట్ల సైజు మాత్రం తెలుసు, నలభై ఒకటి.
కొట్టుగదిలోంచి ఒక జత తీసి బోర్లించి తట్టాను.
తేలు లేదు. ఎండిన బురద రాలింది,
పోయిన వానల్లో ఎవరో మోసుకొచ్చింది.

ప్రయాణం కట్టడమంటే నీకు
టిక్కెట్లూ, టీకాలూ, కెమెరాకి రెండో బ్యాటరీ.
నాకేమో
చీకటి పడేదాకా మెడ పట్టేసేలా పైకి చూడటం.

కిబాలె అడవిలో సాయంత్రం ఆరున్నర.
కొమ్మ విరిగిన చప్పుడు.
కాదు, విరవలేదు, వంచింది.
ఆకులున్న కొమ్మని కాలికింద తొక్కిపట్టి
ఇంకోటి లాగి, దానిమీద ఇంకోటి మడిచి
నాలుగైదు నిమిషాల్లో పక్క పరిచేసుకుంది.
నిన్నటి గూడు ఎదురు చెట్టుమీదే ఉంది,
ఇంకా పచ్చగానే ఉంది,
ఎవరికీ అక్కర్లేదు.

నోటుబుక్కులో రాశాను: ఐదు గూళ్ళు.
ఆరోది కనబడలేదు. ఒక దగ్గు వినబడింది.
మగేజి అయ్యుంటాడు. ముసలాడు,
అందరూ సర్దుకున్నాక గానీ నడుం వాల్చడు.

తేయాకు తోటల గట్టున తిరిగొస్తుంటే
బలింద ఎదురయ్యాడు, సైకిలు నడిపించుకుంటూ.
"నీ చుట్టాలు మళ్ళీ చేలో పడ్డారు అడ్యేరీ.
ముప్ఫై ఏడు కంకులు."
లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు కంకులంటే
కూతురి బడి ఫీజులో ఎంతో, అదీ లెక్కపెట్టాడు.
"రేపు పొద్దున ఎక్కడుంటారో దొరలకి చెబుతావు కదా,
నా చేలోకి ఎప్పుడొస్తారో నాకెందుకు చెప్పవు?"
ఏం చెప్పను.
కొరికి వదిలేసినవి కాకుండా
మంచివే రెండు కంకులు నా చేతిలో పెట్టి పోయాడు.
కోపంతో పెట్టాడో, అలవాటుకొద్దీ పెట్టాడో.

ఇంట్లో పొయ్యి పక్కన
ఆ గింజలతోనే నేలమీద నీ రేపటిని పరిచాను.
ఇది వాగు. ఇది కాయలైపోయిన అత్తిచెట్టు.
ఇది ఎర్రబడుతున్న అత్తిచెట్టు, దిగగానే ఇటే వస్తారు.
ఇక్కడ ఏనుగుల పేడ వేడిగా ఉంది, చుట్టు తిరగాలి.
ఐదు గింజలు ఐదు గూళ్ళు.
కాస్త ఎడంగా, దగ్గుకి ఒక గింజ.
మా చిన్నాడు పాకుతూ వచ్చి
మగేజిని నోట్లో వేసుకున్నాడు.

నవ్వాను గానీ,
పోయిన మంగళవారం ఒకాయన
కెమెరా వెనక తుమ్మి, దుమ్మన్నాడు.
మూడు రోజులు వానపడ్డ అడవిలో
దుమ్మెక్కడిది?

అందుకే చెబుతున్నా, నీకు జలుబుంటే
కారు దిగకముందే చెప్పు.
నీకు రెండు రోజుల తుండుగుడ్డ,
వాళ్ళకి అది చావు.
మేజోళ్ళు ప్యాంటు మీదికి లాక్కో, చీమలు ఊరుకోవు.
అరటిపండు సంచిలోంచి తియ్యకు.
చూపు కలిస్తే నువ్వే ముందు దించు.
మా దగ్గర పలకరించడానికి రెండో పేరుండాలి,
నీకూ ఒకటి పెడతాను, నీ నడక చూశాక.

మగేజి రేపూ దగ్గితే
మనం అక్కడినుంచే వెనక్కి.
డబ్బు కట్టావు, తెలుసు.
ఏడాదిగా దాచుకున్నదే అయ్యుంటుంది, అదీ తెలుసు.

నాలుగున్నరకి అలారం పెట్టాను.
అది మోగకముందే మెలకువొచ్చింది,
గొంతులో గరగర.
పొయ్యి పొగేమో. కాల్చిన కంకి పొట్టేమో.
చీకట్లో కూర్చుని గుటకలు మింగి చూసుకున్నాను,
ఒకసారి, ఇంకోసారి.

దీపం వెలిగించి పట్టీ తీశాను.
నీ పేరు కింద, తొమ్మిదోదిగా,
నా పేరు రాసి
పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాను.