తవుడు లెక్క

నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
పురిట్లోనే నన్ను పొరుగింటి నీలమ్మకి అమ్మేసింది మా నాయినమ్మ,
చేటెడు తవుడికి.
మర్నాడు అదే తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది.
యముడు పద్దు తిరగేస్తే
ఆ ఇంట్లో బిడ్డ లేనట్టు ఉండాలి కదా.
అలా తవిటయ్యనయ్యాను.

టెక్కలిలో బీకాం చదివి
తంపర పూడ్చి కట్టిన కరెంటు కంపెనీలో
గేటు పక్క కాటా గదిలో కూర్చున్నాను.
లారీ ఎక్కుతుంది, ఎర్ర అంకెలు వణికి ఆగుతాయి.
నిండు బరువు, ఖాళీ బరువు, తేడా బొగ్గు.
అంతే నా చదువు.

మొదటి ఏడు నిజంగానే వచ్చేది బొగ్గు.
గోళ్ళలో ఉండేది. అన్నంలో ఉండేది.
రెండో ఏడు చలికాలం ఒక రాత్రి
స్టోర్సు మేనేజరు పరిడా గారు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి
"ఈ బండిని ఇంకోసారి ఎక్కించు" అన్నారు.
ఎక్కించాను.
బైరాగి లారీ ఆ రాత్రి పదకొండుసార్లు లోపలికొచ్చింది,
ఒక్కసారీ బయటికెళ్ళకుండా.
"డీజిలు కూడా అవనేదురా బావా" అని నవ్వాడు వాడు.

తర్వాత్తర్వాత లారీ కూడా అక్కర్లేకపోయింది,
ఉత్త అంకెలే ఎక్కి దిగేవి.
మా బొగ్గుని మా తమ్ముడు కంపెనీకి అమ్మి
పై ధరకి మళ్ళీ కొన్నట్టు
హైదరాబాదులో ఎవరో రాసుకునేవారట.
నాకది వింతగా అనిపించలేదు.

ఆడిటరొచ్చాడు.
మట్టిగుట్ట మీద జానెడు మందాన పరిచిన బొగ్గుని
చూపుడువేలితో తాకి, వేలు రుమాలుకి తుడుచుకుని
సంతకం పెట్టాడు.
పలాస జీడిపప్పు డబ్బాలు కారు డిక్కీలో పెట్టింది నేనే,
కాటా వెయ్యకుండా.

గేటు బయట దాలమ్మ టీ కొట్టు.
గోడ మీద బొగ్గుముక్కతో గీతలు, ఒక టీకి ఒక గీత.
వానకి గోడ కారిపోతే మళ్ళీ గీసేది,
ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు.
భూమికొచ్చిన డబ్బులో సగం పెట్టి కంపెనీ షేర్లు కొంది,
మనూరి పొగే కదా అని.

ఆషాఢంలో ఒక పొద్దున్న ఆ పొగ లేదు.
మబ్బులో కలిసిపోయిందనుకున్నాం.
టీవీలో తొమ్మిది వేల కోట్లన్నారు.
నా కాటాకి ఉన్నవి అయిదే అంకెలు.
బిల్లు కట్టలేదని
కరెంటు కంపెనీకి కరెంటు కోసేశారు.
పరిడా గారి ఫోను ఒడియాలో ఏదో చెప్పి ఆగిపోతోంది.

కోర్టులో ప్లీడరు రసీదుల కట్ట ఎత్తి చూపించాడు.
"ఈ సంతకం నీదేనా?"
నాదే.
"రాని బొగ్గుకి ఎలా పెట్టావు?"
నాయినమ్మ సంగతి నాలిక చివరి దాకా వచ్చింది.
ఆవిడ దొంగ అమ్మకానికి మోసపోయింది ఒక్క యముడే.
నీలమ్మ చేటని కూడా వారం తిరక్కుండా
నిండా బియ్యం పోసి పంపిందట.
ఏమీ చెప్పలేదు. నీళ్ళు తాగాను.

నిన్న సాయంత్రం గేటు దాకా వెళ్ళాను.
తంపరలోకి నీళ్ళు మళ్ళీ ఊరుతున్నాయి.
కాటా పలక మీద ఎవరిదో మేక నిలబడి ఉంది,
పైన అంకె వెలగలేదు.
దాలమ్మ గోడ మీద నా పేరు కింద లెక్కపెట్టాను.
రెండు వందల పద్నాలుగు గీతలు.
ఆమె బాకీ మాట ఎత్తలేదు.
గిన్నె బోర్లించి, చెంగుతో చెయ్యి తుడుచుకుని
పెట్టెలోంచి ఆ షేరు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"లెక్కలు సదివినోడివి గదా బావూ,
సూసి సెప్పు.
ఇవి తవుడుకైనా పోవా?"