నాపరాయి మీద గణవిభజన

తాడిపత్రి, పుట్లూరు రోడ్డు పక్క
పాలీషు దుమ్ములో
నబీరసూలు నాపబండను నీళ్ళతో కడిగి
కాగితం నా చేతిలో పెట్టినాడు.
"చెక్కినాక తప్పంటే తుడిచేదానికి పలక కాదు సార్,
ఒకసారి చూడండి."

అక్షరానికి పన్నెండు రూపాయలు.
బండలు మోసీ మోసీ పోయిన చిన్నోబుళేసు
తన సమాధికి తానే కట్టుకున్న పద్యం.
కూతురు సుంకులమ్మ చెప్పింది,
ఆమె కొడుకు రాసినాడు.

    కొండ కరిగిపోయె కూలి కరిగిపోయె
    రాయి మిగిలె నొకటి రాత కొరకు
    పొద్దు గుంకింది పోయివస్తా బిడ్డ
    తలుపు మూయవద్దు తాళమొద్దు

సుద్దముక్క అడిగి తీసుకుని
తడారిన బండ మీదే విడగొట్టినాను.
గురువుకు వంపు, లఘువుకు నిలువుగీత.
కొండ, సూర్యగణం. కరిగి, సూర్యగణం.
ఆటవెలదే!
కొం కింద కూ, రా కింద రా,
అతుకు కనపడకుండా పరిచిన బండల్లా
యతి కుదురుగా కూచుంది.
ప్రాస అడగని పద్యంలో
పొద్దు, వద్దు, మొద్దు
మూడుసార్లు సుత్తి పడిన చప్పుడు.

మూడో పాదంలో కాలు జారింది.
గుంకిం. రెండూ గురువులే.
సూర్యుడు దిగాల్సిన చోట
సూర్యగణం లేదు.

"గుంకె నిపుడు అని మారుద్దాం" అన్నాను,
నలభై మంది పిల్లకాయల ముందు అనే గొంతుతోనే.

సుంకులమ్మ బండ వైపే చూస్తా
"మా నాయన అట్ల అన్లేదు సార్.
పొద్దు గుంకినాది అన్యాడు.
అట్ల రాస్తే బళ్ళో మార్కులు తీసేస్తారని
మా పిల్లోడే దిద్దినాడు."

గుంకి. నాది.
వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టినాను.
ఏ బడి అని అడగలేదు.
ఎర్రసిరాతో ఆ 'నాది'ని కొట్టేయడం
నాకూ అలవాటే.

తుడిచి రాసినాక ఇంకోటి కనపడింది.
సూర్యగణం ఏదైనా లఘువు మీదే ఆగుతుంది.
అంటే ఆటవెలది ఎన్నడూ
గురువు మీద ముగియదు.
ఇరవై ఏండ్లుగా నేను చెప్తున్న పాఠమే.
గుక్క ఇంకా మిగిలుండగానే
మాట అయిపోతుంది.

ఒక అక్షరం పెరిగింది.
సుంకులమ్మ కొంగుముడి విప్పబోతే
"ఉండనీలే అక్కా" అని
నబీరసూలు ఉలి అందుకున్నాడు.
మధ్యాహ్నం దాటినాక తలెత్తి అడిగినాడు,
"కడాన చుక్క పెట్టాల్నా?
చుక్కకు దుడ్డు తీసుకోను."

నేను నోరు తెరిచేలోపల
"వద్దు" అనింది సుంకులమ్మ.
దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను,
నాలుగోది.