బి సైడు చివర

పాలకొల్లు బస్టాండు గోడ నిండా ఇప్పుడతనే.
ఎర్రకోటు, భుజాలకి బంగారు కుచ్చులు,
వెనక పద్దెనిమిది మంది, ఆ వెనక జనరేటరు బండి.
దానియేలు బ్యాండు రాందే
మార్టేరులో అయినా మొగల్తూరులో అయినా
పెళ్ళికొడుకు కారు దిగడని చెప్పుకుంటారు.

నేనెరిగిన దానియేలుకి కోటు లేదు.

కొబ్బరి కొట్ల వెనక మేడగది.
కిటికీలకి గోనెపట్టాలు కొట్టి
దాన్నే స్టూడియో అనేవారు మా కొండలరావుగారు.
చప్పుడొస్తుందని ఫ్యాను ఆపించారు.
అరగంట వాయించి, చెమట తుడుచుకుని,
"ఇక్కడ రాదండీ" అన్నాడు ఇంజేటి దానియేలు.

బ్యాటరీలేసుకుని లాకుల దగ్గరికి పోయాం.
నా పని గొడుగు పట్టడం,
నాకు కాదు, టేపురికార్డరుకి.

కాలువకి నీళ్ళొదిలిన రాత్రి అది.
నెలన్నర ఎండిన అడుగు మీద
బురద పెచ్చుల్ని నానబెట్టుకుంటూ
ఒక రబ్బరు చెప్పునీ నాలుగు కొబ్బరి డొక్కల్నీ
ముందుకు తోసుకుంటూ
నీళ్ళొచ్చాయి, దారి అడుగుతున్నట్టు.
అతను ఒక స్వరం పట్టుకున్నాడు.
వదిలేశాడు.
నీళ్ళని కాసేపు పోనిచ్చి
ఇంకోటి పట్టుకున్నాడు.
మధ్యలో లాకు గొలుసు కిర్రుమంటే
కొండలరావుగారు నెత్తి కొట్టుకున్నారు గానీ
దానియేలు ఆ కిర్రుతోనే శ్రుతి కలుపుకున్నాడు.

రెండొందల కేసెట్లు.
అట్ట మీద బొమ్మ లేదు, పేరులో ఒక అక్షరం తప్పు.
అమ్మినవి పదకొండు.
అందులో రెండు తిరిగొచ్చాయి.
ఒకాయన "ఇందులో పాటేదీ?" అన్నాడు.
ఒకావిడ, పాపం, మర్యాదగానే,
"ఖాళీ కేసెట్టిచ్చావు బాబూ" అంది.

కార్తీకం వచ్చింది.
మాలలేసుకున్నవాళ్ళు భజనల కేసెట్లకి వరసకట్టారు.
సరుకు లేదు. అటక మీద నూట తొంభై ఒకటి ఉన్నాయి.
నెత్తిన ఉండే రెండేసి చిల్లులకి
ప్లాస్టరు ముక్కలు అంటించాను.
ఎర్రబొత్తాం నొక్కాను.
నా చేత్తోనే, పన్నెండు రాత్రులు,
టీ తాగుతూ.

భజన సైడుకి ఇరవై ఆరు నిమిషాలు.
టేపు ముప్ఫై.

లెక్క నాకు చాలా ఏళ్ళకి తట్టింది.
నూట తొంభై ఒక్క ఇళ్ళలో
హారతయ్యాక, ప్రసాదాల చేతుల్తో
ఎవరూ లేచి ఆపని టేపులో
కాసేపు ఏమీ లేక, ఆ తర్వాత
కాలువ వచ్చుండాలి.
ఒక ముసలమ్మ ఒత్తి ఎగదోస్తూ వినుండాలి,
కుళాయి కట్టలేదేమో అనుకునుండాలి.

మొన్న మాఘంలో ఒకటి దొరికింది, పాతసామాన్ల బండి మీద.
పెన్సిల్‌తో తిప్పి బిగించి
ఆచంట పెళ్ళిలో అతని ముందు పెట్టాను.
జనరేటరు హోరు. ఏమీ వినపడదు.
"ఆపండ్రా దాన్ని" అన్నాడు.
పందిరి మొత్తం ఆరిపోయింది.
ఆడపెళ్ళివారు అరిచారు. పిల్లలు ఈలలేశారు.
ఎవరో "ఆయ్, కరెంటోళ్ళ పనేనండి" అన్నారు.

చీకట్లో నాలుగు నిమిషాలు
ఎర్రకోటు కదల్లేదు.

"అప్పటికి నాకు పాటలు రావురా" అన్నాడు చివరికి,
"వచ్చింది అదొక్కటే."
కుచ్చుల కోటు గుండీ పెట్టుకుంటూ ఆగి,
"మిగతాదేదీ?" అన్నాడు.

కొట్టెత్తేసినప్పుడు పోయిందన్నాను.

జనరేటరు అందుకుంది.
వాళ్ళడిగిన సినిమా పాటే ఎత్తుకున్నాడు,
బాగా వాయించాడు కూడా, అబద్ధమెందుకు,
నా కాలే ముందు ఆడింది.
ఊరేగింపు వంతెన ఎక్కింది.
కింద కాలువ కట్టేసి ఉంది.