ఉప్పు పోయిన మన్ను

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ప్రయోగశాల తాళాలు నా నడుముకే.
ఎందరో వచ్చారు, మన్ను పిసికారు, పట్టాలు పట్టుకెళ్లారు.
పేర్లు గుర్తుండవు నాకు. చేతులు ఉంటాయి.
ఎల్‌ద్రిద్ చేతులు నలభై మూడేళ్లవి,
బొటనవేలి మొదట్లో ఒక కాయ,
ఎక్స్‌కవేటర్ లివరు పదకొండేళ్లు ఒరుసుకున్న చోటు.

ట్రోన్‌హైమ్‌లో సెప్టెంబరు వాన.
కుర్రకారంతా లాప్‌టాప్‌లు తెరిచారు.
ఆమె ఉన్ని టోపీ పిండుకుని
తొలి ప్రశ్న నన్నడిగింది:
"మట్టిని ఎక్కడ పడుకోబెడతారు?"
నిల్వ అనలేదు.
చలిగది చూపించాను. నాలుగు డిగ్రీలు.
గొట్టాల్లో, మైనం మూతల కింద
పదివేల ఏళ్లనాటి సముద్రపు అడుగు.

రెండేళ్ల మాస్టర్స్, మట్టి ఇంజనీరింగ్,
అందులోనూ ఓ సన్నని సందు: జారుడు బంకమన్ను.
అంత ఇరుకు చదువుకి కొలువెవడిస్తాడని
తమ్ముడు హోల్‌గేర్ నవ్వాడట.
"బావి నోరు వెడల్పైతే నీళ్లు ఊరతాయా?" అందట.

ఈ మన్ను సంగతి చెప్పాలి.
ఉప్పునీటి కింద పుట్టింది.
మంచుబరువు తగ్గి నేల పైకి లేచాక
వానలు వేల ఏళ్లు తీరిగ్గా
దాని ఒంట్లోని ఉప్పు కడిగేశాయి.
పేకమేడ మిగిలింది.
నిలబడుతుంది, మోస్తుంది,
ఇంటిని, ఆవుల్ని, చర్చి గంటని.
ఒక్కసారి కదిపితే
మజ్జిగ.

ఆమె కదిపింది.
మూడో నెల్లో గానీ చెప్పలేదు, అదీ గిన్నె తుడుస్తూ.
వాగు గట్టున రోడ్డు పని.
బకెట్టు అంచు గీరుకుంది, అంతే.
ఒక పొలం, ఒక గాదె, పద్నాలుగు గొర్రెలు
పిలిస్తే వెళ్లినట్టు వాగులోకి వెళ్లిపోయాయి.
మనుషులెవరూ పోలేదు.
ప్రతివాడూ భుజం తట్టి అదే చెప్పాడు.
గొర్రెల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ చలికాలం రాత్రుళ్లు మంచు తోసే బండి నడిపింది.
ఎనిమిదింటికి క్లాసులో, బూట్లకింకా ఉప్పు గళ్లతో.
సిండ్రె అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు
మాత్రికలు నేర్పాడు, ఓపిగ్గా, నాలుగేసి సార్లు.
బదులుగా వాడికి
తడి వేలితో మట్టిని చదవడం నేర్పింది.
రెండు పరీక్షలు పోయాయి. ఒకటి మళ్లీ పోయింది.
ఉక్కు శంకువు మన్నులోకి జారే శబ్దం
మేమిద్దరం ఊపిరి బిగపట్టి వినేవాళ్లం,
మిల్లీమీటర్లు తను రాసుకునేది.

ఏప్రిల్లో ఒకరోజు
మజ్జిగైన మన్నులో చిటికెడు ఉప్పు వేసి కలిపింది.
గిన్నె బోర్లించింది.
పడలేదు.
ఉప్పు తిన్న విశ్వాసం అంటే ఇదే కాబోలు.
తను నవ్వలేదు. ఆ గిన్నెని అలాగే
చాలాసేపు తలకిందులుగా పట్టుకుని నిలబడింది.

థీసిస్‌కి తన గట్టునే తవ్వి తెచ్చుకుంది.
నిలబడడానికి ఒకటి చాలు, లెక్క ప్రకారం.
బకెట్టు తగలక ముందు ఆ గట్టుకున్నది
ఒకటి పాయింట్ సున్నా రెండు.
"చూశావా, ఓ పెద్ద వాన చాలు,
బలిసిన దూడ ఒక్కటి నడిచినా చాలు,
నీ తప్పేం లేదు," అన్నాడు ప్రొఫెసరు లోమెలాన్, సంతోషంగా.
"ఆ సున్నా రెండు నాదే," అంది.

అరవై ఒకటో పేజీ, పట్టికలో ఆఖరి వరస:
కదిపిన భారం, ఎక్స్‌కవేటర్ బకెట్టు.
యంత్రం నడిపినది, రచయిత్రి.
కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు.
ఇచ్చిన గ్రేడు మధ్యరకం.

ఇప్పుడెక్కడో ఉత్తరాన గట్లు కొలుస్తోందట.
ఉత్తరాలు రాసే మనిషి కాదు.

నిన్న చలిగది తుడుస్తుంటే
వెనక అరలో ఒక గొట్టం, మైనం చెదరలేదు,
పైన ఆమె చేతిరాత:
తెరవొద్దు, పడుకుంది.
ఉన్నచోటే ఉంచి
తలుపు చప్పుడు కాకుండా వేశాను.